కంటిమీద బొట్టు

ఆ రోజుల్లో కాకినాడలో ఏ బండి కొన్నా దానితోపాటు ఒక కన్ను వచ్చేది. బండి ఎంత జోరుగా పోతోందో, ఎక్కడ ఆగిందో చూసి, ఇంట్లో గోడకున్న డబ్బాకి చేరవేసేది. డబ్బా ఊరుకునేదా? "ప్రణతి అరవై దాటింది. ప్రణతి బీచిలో ఆగింది. వెనక ఎవరో ఉన్నారు" అని వీధిలోకి వినబడేలా చదివేది. కాలేజీ నుంచి వచ్చిన ప్రణతికి ఇంట్లో చెప్పుకోవడానికి కబుర్లే మిగిలేవి కావు.

దసరాకి బండ్లకు పూజ చేస్తూ నాయనమ్మ సరిగ్గా ప్రణతి స్కూటరు కంటిమీద ఇంత కుంకుమ బొట్టు పెట్టింది. దాంతో డబ్బాకి ప్రణతి ఊసే లేకుండా పోయింది.

"అది తుడిచెయ్యి పాపా," అన్నాడు నాన్న.

"పండగ పూట బొట్టు చెరిపిస్తావేంట్రా? ఎక్కడ తిరిగిందో పిల్లే చెబుతుంది. నువ్వు మీ నాన్నకి చెప్పలేదా?" అంది నాయనమ్మ.

"చెప్పలేదు కాబట్టే నా భయం."

ఆ సాయంత్రం డబ్బా మళ్ళీ గొంతు విప్పింది. "అయ్యగారి కారు కాజాల కొట్టు దగ్గర ఆగింది." సుగరున్న నాన్న ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆయన కుంకుమ భరిణె పట్టుకుని నాయనమ్మ దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, నా కారుకి బొట్టు కాస్త పక్కకి పడింది. సరిగ్గా కంటిమీద పెట్టమ్మా."