రెండు చెరువులూ ఒక గట్టూ

"అయ్యయ్యో, దాని మీద కూర్చోకండి మేడమ్!"

కుర్చీలాయన వేసిన కేకకి మేడమ్ సగం వంగినదల్లా అలాగే ఆగిపోయింది. చేతిసంచీ మాత్రం జారి రంపపు పొట్టులో పడింది.

"ఇది కుర్చీ కాదా?" అంది ఆవిడ నిటారుగా లేస్తూ.

కుర్చీయే. గాలివానకి కూలిన చెట్టు మొద్దు. చుట్టూ ఉన్న బెరడూ బుడిపెలూ ఉన్నవి ఉన్నట్టే ఉంచి, కూర్చునే చోటు మాత్రం కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే మెషిన్‌తో తొలిపించాడు. ఆ కొలత కోసం తడి మట్టి మీద ఎవరో ఒకరు కూర్చోవాలి. భార్యని అడిగితే చీపురు చూపించింది. అత్తగారిని అడిగే ధైర్యం లేదు. చివరికి తనే కూర్చుని లేచి, మట్టిలో పడిన ముద్రని స్కాన్ చేసి, వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కలోకి దింపాడు. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఆ కుర్చీ ఈ భూమ్మీద ఆయనకి తప్ప ఇంకెవరికీ కుదరదు. పొద్దున అత్తగారు ముచ్చటపడి కూర్చుని, నున్నగా జారి మెషిన్ కాళ్ళ దగ్గర తేలారు. ఇప్పుడు లోపల నడుముకి కాపడం పెట్టుకుంటున్నారు.

మేడమ్ కూడా అక్కడే తేలితే ఇక అంతే సంగతులు. ఊళ్ళో జరిగే కళాప్రదర్శనలో ఏది పెట్టాలో ఏది పెట్టకూడదో తేల్చేది ఆవిడే. ఈసారి కూడా చోటు దొరక్కపోతే షెడ్డు ఖాళీ చేసి బావమరిది కోళ్ళకి ఇచ్చేస్తానని భార్యకి మాటిచ్చాడు. బావమరిది అప్పుడే వచ్చి గుమ్మం కొలుచుకుని వెళ్ళాడు కూడా.

"కుర్చీ కాదండీ. శిల్పం," అన్నాడు. అన్నాక గానీ తెలియలేదు, ఎంత మాట అన్నాడో.

"శిల్పమా! దీని భావం ఏమిటి?"

కుర్చీలాయన చెక్కలో ఉన్న తన వెనకభాగం కేసి జాలిగా చూశాడు. "రెండు చెరువులండీ. ఎడమది గతం, కుడిది భవిష్యత్తు."

మేడమ్ కళ్ళద్దాలు సర్దుకుంది. "అయితే మధ్యలో ఈ గట్టు వర్తమానం అన్నమాట!"

"భలే పట్టేశారండీ!"

గుమ్మంలో మంచినీళ్ళ గ్లాసుతో నిలబడ్డ భార్యకి, గుక్కెడైనా తాగకుండానే పొలమారింది.

"మరి కుడి చెరువు ఎడమ దానికన్నా లోతుగా ఉందేం?"

"ఈయన ఎప్పుడూ అటే ఒరుగుతారండీ," అంది భార్య, ఆపుకోలేక.

"భవిష్యత్తు వైపు!" అని గబగబా అందుకున్నాడు కుర్చీలాయన. "మనిషన్నవాడు భవిష్యత్తు వైపే కదండీ ఒరిగేది."

మేడమ్ వంగి, ఆ గుంటల్ని చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. కుర్చీలాయన చెవులు ఎర్రబడ్డాయి. నిజం చెప్పేద్దామా అనుకున్నాడు. షెడ్డు మూల నుంచి, ఇంకా రాని కోళ్ళు కొక్కొరొకో అన్నట్టు వినిపించింది. నోరు మూసుకున్నాడు.

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ మీరు?" అంది చివరికి మేడమ్. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి.

ఇన్నేళ్ళలో నా ముఖం చూసి ఏ ఒక్కరూ ఇంతగా కదిలిపోలేదే, అనుకున్నాడు కుర్చీలాయన.

"దీన్ని ప్రదర్శనలో ఓ మూల పెట్టడం అన్యాయం," అంది మేడమ్. "కొత్త పార్కు గేటు ముందు నిలబెట్టడానికి మంచి శిల్పం కోసం ఊరంతా వెతుకుతున్నాం. మీ మెషిన్ ఎంత పెద్దగా అడిగితే అంత పెద్దగా చెక్కుతుంది కదా?"

"ముక్కలు ముక్కలుగా చెక్కి అతికిస్తే కొండంతైనా చేస్తానండీ!" కుర్చీలాయన ఛాతీ రెండింతలైంది. భార్య వైపు తిరిగి కళ్ళెగరేశాడు. ఈసారి ఆవిడ నవ్వలేదు. "అమ్మా, మీ అల్లుడుగారు గెలిచారే!" అని లోపలికి కేకేసింది.

"అయితే మూడంతస్తుల ఎత్తు చేయండి. కింద రాతి మీద మీ పేరూ, పక్కన మీ ఫొటో," అంది మేడమ్ సంచీకి అంటిన పొట్టు దులుపుకుంటూ. "ఒక్క చిన్న మార్పు. గుంటలు దూరానికి కనపడవు. కంప్యూటర్లో తిరగేసి, రెండూ బయటికి ఉబ్బెత్తుగా వచ్చేలా చేయండి. రోడ్డు మలుపు తిరగ్గానే ఎవరికైనా ఇట్టే తెలిసిపోవాలి."

మేడమ్ కారెక్కి వెళ్ళిపోయింది. భార్య గోడ పట్టుకుని కూలబడి, కడుపు నొక్కుకుంటూ నవ్వుతోంది. లోపల్నుంచి అత్తగారి నవ్వు, మధ్యమధ్య నడుంనొప్పి మూలుగు. కుర్చీలాయన జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఏరా బామ్మర్దీ, నీ కోళ్ళని ఎప్పుడు తెస్తున్నావు?"