మెడ కదపకు బావా

బంతి కోసం ఎగిరిన గోల్‌కీపర్ వెల్లకిలా పడ్డాడు. పడ్డవాడు పడ్డట్టే ఉండిపోయాడు.

రిఫరీ రస్మానే ఈల ఊది పరుగెత్తాడు.

"నేను తాకనే లేదు సార్! మా అమ్మ మీద ఒట్టు!" అంటూ అవతలి జట్టు ఫార్వర్డ్ రెండు చేతులూ పైకెత్తేశాడు.

తాకడం రస్మానే కూడా చూడలేదు. చిక్కంతా అక్కడే ఉంది. కీపర్ ఆన్సెల్మ్ అప్పటికే ఒక పసుపు కార్డు తిన్నాడు. దెబ్బ తగిలినట్టు నటిస్తున్నాడని తేలితే రెండోది చూపించాలి. రెండోది చూపిస్తే బయటికి పంపాలి. నటన కాకపోతే మెడకే ఏదో అయి ఉండాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

బోబో పట్టణంలో పేటల మధ్య ఫైనల్ అది. మైదానంలో దీపాల్లేవు. ముఖ్య అతిథిగారు తాపీగా వచ్చి, అంతకన్నా తాపీగా ఉపన్యసించి ఆటను సాయంత్రంలోకి నెట్టేశారు. "ఎవరికైనా దెబ్బ తగిలితే తప్ప మధ్యలో ఆపడానికి వీల్లేదు. చీకటి పడిందంటే కప్పు ఎవరికీ ఉండదు" అని నిర్వాహకులు రస్మానే చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్పారు.

అతను మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది.

"ఆన్సెల్మ్! వినబడుతోందా?"

రెండుసార్లు పిలిచి చూశాడు.

శిక్షణలో నేర్పినవన్నీ గుర్తు చేసుకున్నాడు. పడ్డవాణ్ణి లేపకూడదు. తల తిప్పకూడదు. నీళ్ళు పోయకూడదు. మెడను రెండు చేతులతో అలాగే పట్టుకుని వైద్యం తెలిసినవాళ్ళ కోసం ఆగాలి. పట్టుకున్నాడు.

రస్మానే మోసీవాడు, ఆన్సెల్మ్ సామోవాడు. ఆ రెండు తెగలకీ తాతల నాటి నుంచి ఎకసెక్కాల చుట్టరికం. బావామరుదుల్లాగా ఎంత మాటైనా అనుకోవచ్చు, కోపం మాత్రం తెచ్చుకోకూడదు. టాస్ దగ్గరే ఆన్సెల్మ్ మొదలుపెట్టాడు.

"వచ్చావా, నా పాలేరూ! ముందు నా బూట్లు తుడువు."

"ఆట అయ్యాక నీచేత మా గాడిదకి గడ్డి కోయిస్తా. అప్పుడు చూద్దాం ఎవడు పాలేరో" అన్నాడు రస్మానే.

అందరూ పగలబడి నవ్వారు. ఇప్పుడు రస్మానే అతని చెవి దగ్గరికి వంగాడు.

"పలకరా బావా, తిట్టు, ఏదో ఒకటి తిట్టు!"

ఆన్సెల్మ్ పెదవులు కదిలాయి. "మెడ... కదపకు బావా. కాసేపు ఆగు."

నటన కాదిది. ఒక గోలు వెనకబడ్డ జట్టు, ఇంకా పది నిమిషాలే ఉన్న ఆట. ఓడిపోయేవాడు కాలం ఎందుకు తగలేసుకుంటాడు? సొంత పేట జనమే గంతులేస్తూ తిట్టిపోస్తున్నారు.

"లేవరా దున్నపోతా! ఇల్లనుకున్నావా పడుకోడానికి?"

"కప్పు పోతోందిరా బాబూ!"

ఆ గోలలో రస్మానే కేకలు రస్మానేకే వినబడడం లేదు.

"సలిమాతా! సలిమాతమ్మా! సంచీ పట్టుకురా!"

ప్రథమ చికిత్స చేసే సలిమాత మైదానం అంచున సంచీ విప్పుకుని కూర్చుంది. ఇటు రాలేదు. రెండు జట్ల ఆటగాళ్ళూ చుట్టూ మూగి ఆమెను కప్పేశారు. ఒక్కడి తల కూడా ఇటు తిరగలేదు. తోటివాడు నేల మీద పడి ఉంటే ఒక్కడికీ పట్టదా? ఒట్టేసిన ఆ ఫార్వర్డ్ కూడా అక్కడే ఉన్నాడు.

"మనుషులేనా మీరు?" అని అరిచాడు రస్మానే. ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. "ఇక్కడ వీడి ప్రాణం పోతోంది!"

మెడ వదిలి వెళ్దామంటే భయం. వదలకుండా ఎవర్ని పిలవాలి? పడమట మిగిలిన వెలుగు కాస్తా దిగిపోతోంది. ఆట పోతే పోనీ, వీడు లేచి నడిస్తే చాలు అనుకున్నాడు. అల్లాను తలుచుకుని, గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడు ఆన్సెల్మ్ ఒక కన్ను తెరిచి, గ్లవ్‌లోంచి రెండు ఖర్జూరాలు తీసి అతని చేతిలో పెట్టి, "నాకేం కాలేదు బావా, మధ్యాహ్నం సుష్టుగా తిన్న క్రైస్తవుణ్ణి నేను, పొద్దుట్నుంచి రోజా ఉపవాసం ఉన్నది మీరంతానూ, మసీదులో అజాన్ అయిపోయింది, వాళ్ళంతా సలిమాత సంచీలోవి తింటున్నారు, ముందు ఇవి నోట్లో వేసుకో, ఆ తర్వాత నాకు కార్డు చూపించు" అన్నాడు.