సున్నపుబట్టీ కాడ

"మళ్ళీ వచ్చినావా తాతా?"

ఇర్ఫానా తల పట్టుకుంది. అసలే అనంతపురం ఎండ, ఆపైన ఆఫీసు ఫ్యాను పొద్దున్నుంచీ మొరాయిస్తోంది. మడకశిర వైపు నుంచి మొదటి బస్సుకే వచ్చిన నాగప్ప, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ ఎదురుగా నిలబడ్డాడు. ట్యాంకరు రాని రోజు చూసుకుని మరీ వస్తాడు మహానుభావుడు.

"ఏమి చేసేదమ్మా, మీ దాంట్లో ఇంకా పాత తావే ఉండాది. జనాలు సున్నపుబట్టీ కాడికే మందలు తోలుకొస్తాండారు."

కరువు పల్లెల్లో గొర్రెలకు నీళ్ళ ట్యాంకరు ఏ రోజు ఎక్కడికి వస్తుందో చెప్పే వెబ్‌సైటు అది. ఒక సేవా సంస్థ నడుపుతోంది. పేజీలు మార్చే పని ఇర్ఫానాది. సున్నపుబట్టీ దారిలో కల్వర్టు కూలినప్పటి నుంచి ట్యాంకరు పాలకేంద్రం దగ్గర ఆగుతోంది. ఆ సంగతి తెలుగులోనూ, ఇంట్లో తెలుగు మాట్లాడినా కన్నడమే చదవగలిగే సరిహద్దు వాళ్ళ కోసం కన్నడంలోనూ ఆమె ఆ రోజే మార్చేసింది.

"ఇదో చూడు, తెలుగు. ఇదో, కన్నడం. రెండిట్లోనూ పాలకేంద్రం అనే ఉండాది."

నాగప్ప తెర మీదికి వంగి చూశాడు. చదువు రాదు, అయినా చూశాడు.

"నీ దాంట్లో బాగుండాది తల్లీ. జనాల ఫోన్లలో లేదు."

"నీ ఫోను తియ్యి, చూస్తాను."

"నాకు ఫోను యాడిది?"

పక్క కుర్చీలో అంజలి కిసుక్కున నవ్వింది. ఇర్ఫానాకూ నవ్వాగలేదు. ఫోనే లేని మనిషి, ఫోన్లో తప్పుందని ఇంత దూరం వస్తాడా!

"తప్పుంటే ఇంకెవురూ అడగరా తాతా? నీ ఒక్కనికే కనిపించిందా? నీ గొర్రెల్ని పాలకేంద్రానికి తోలుకుపో, సరిపోతాది."

ముసలాయన తువ్వాలు భుజాన వేసుకున్నాడు. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు.

"బిన్నా మార్చమ్మా, ఆలస్యం చేయొద్దు. నేనైనా ఎన్ని దినాలని నిలబడేది?"

ఏం నిలబడటమో ఆమె అడగలేదు. భోజనం వేళయింది.

ఆ తర్వాత ఆయన రాలేదు. పీడ వదిలిందనుకుంది.

ఒక ఉదయం ట్యాంకరు డ్రైవరు జయరాజు ఫోన్ చేశాడు.

"ఏమమ్మా, పాలకేంద్రం కాడ పది గొర్రెలు గూడా లేవు. నీళ్ళు ఎవురికి పోసేది?"

అతను పెట్టేలోపే ఇంకో ఫోను. ఆ వెంటనే ఇంకోటి. కన్నడంలో ఒకరు, తెలుగులో ఒకరు, ఏడుస్తూ ఒక ఆడమనిషి. అందరూ సున్నపుబట్టీ దగ్గరే.

"ట్యాంకరు యాడమ్మా? గొర్రెలు పడిపోతాండాయి తల్లీ!"

ఇర్ఫానా ఆఫీసు ఫోను పక్కన పెట్టింది. తన సొంత ఫోన్లో, లాగిన్ కాకుండా, మొదటిసారి కన్నడ పేజీ తెరిచింది. సున్నపుబట్టీ అనే ఉంది.

సైటు తొందరగా తెరుచుకోవాలని సర్వరు ప్రతి పేజీకీ ఒక కాపీ దాచుకుంటుంది. బయటివాళ్ళకు చూపేది ఆ కాపీనే. లాగినై పనిచేసే ఇర్ఫానాకు మాత్రం ఎప్పుడూ అసలు పేజీ కనిపిస్తుంది. మార్పు చేయగానే తెలుగు కాపీ దానంతటదే చెరిగిపోయేలా ఏర్పాటు చేసింది ఆమే. ఈ వేసవిలో కొత్తగా చేర్చిన కన్నడ పేజీకి ఆ ఏర్పాటు మరిచిపోయిందీ ఆమే.

ఒక్క బటను నొక్కి ఆ పాత కాపీ చెరిపేసింది. పాలకేంద్రం అని వచ్చింది. కానీ పడిపోయిన గొర్రెలు లేచి అంత దూరం నడుస్తాయా?

"బిందెలతోనన్నా మోయించు జయరాజన్నా, నీ కాళ్ళు మొక్కుతా!" అని ఫోన్లో అరిచింది.

మడకశిర బస్సులో ఉన్నంతసేపూ నాగప్ప మొహమే కళ్ళ ముందు ఆడింది. ముందు ఆయన్ని వెతికి పట్టుకుని క్షమించమని అడగాలనుకుంది.

ఆమె సున్నపుబట్టీ చేరేసరికి మధ్యాహ్నమైంది. దారి పొడవునా గొర్రెలు పడున్నాయి. కొన్నిటికే ఊపిరుంది. బట్టీ మలుపులో కాపురముండే నల్లమ్మ, ఎవరిదో గొర్రెపిల్లను ఒళ్ళో వేసుకుని చెంబుతో నీళ్ళు పోస్తోంది. నీళ్ళు మూతి పక్క నుంచి కారిపోతున్నాయి.

ఇర్ఫానా ఆమె దగ్గరికి వెళ్ళి అడిగింది.

"ఫోన్లో మొదట్నించీ ఇదే తావుండె కదా. ఇన్ని దినాలూ జనాలు ఈడికి రాలేదా అమ్మా?"

"రాకేమి? ట్యాంకరు వచ్చే దినమల్లా కొత్త మందలు దిగుతానే ఉండె. నాగప్ప మామ ఈ మలుపులో ఎండకు నిలబడుకొని, అన్నిట్నీ పాలకేంద్రం దావకు మళ్ళించేటోడు. నిన్న వడదెబ్బకు పోయినాడు. ఈ పొద్దు చెప్పేటోళ్ళు ఎవురుండారు?"

 ఇర్ఫానా చుట్టూ పడున్న గొర్రెల వైపు చూసి అడిగింది.

"మరి... ఆయన గొర్రెల్ని ఎవురు చూస్తాండారు?"

నల్లమ్మ తలెత్తి వింతగా చూసింది.

"ఆయనకి గొర్రెలు యాడివి తల్లీ? తావు మారిన కొత్తలో, ఎవురో ఫోన్లో చూసి చెప్పినారు కదా ట్యాంకరు వస్తాదిలే అని ఈడే కాచుకొని కాచుకొని, ఉండే నాలుగింటినీ ఈ బట్టీ కాడే పోగొట్టుకున్నాడు."