నాగవ్వకు జ్వరం

“నాగవ్వకు నోట్ల పుండ్లయినయి సిస్టరమ్మ. అన్నం మింగుతలేదు. ఏం పెట్టాలె?”

రేవణసిద్ధప్ప ఫోన్ వచ్చిందంటే ఆ రోజు మంగళవారమని విజయలక్ష్మికి క్యాలెండర్ చూడకుండానే తెలిసిపోతుంది. జహీరాబాద్‌లోని ఓ దవాఖానలో కీమో ఎక్కించే గదికి ఆమె నర్సు. మధ్యాహ్నం రెండు దాటాక క్యాన్సర్ రోగుల సందేహాలకు ఫోన్‌లో జవాబులు చెప్పడం కూడా ఆమె పనే.

ఆయనది మొగుడంపల్లి దగ్గర ఓ పల్లె. అల్లం పండిస్తాడు, గొంతును బట్టి అరవై దాటి ఉంటాయి. భార్య నాగవ్వకు క్యాన్సరని, హైదరాబాద్‌లో చూపించామని మొదటిసారి ఫోన్ చేసినప్పుడే చెప్పాడు. నోటి పుండ్లకు ఉప్పు, తినే సోడా కలిపిన గోరువెచ్చని నీళ్లు పుక్కిలించమని, కారం మానేసి పెరుగన్నం పెట్టమని చెప్పిందామె. ఆయన ఒక్కో మాటా మళ్లీ చెప్పించుకుని రాసుకున్నాడు.

తర్వాతి వారం నాగవ్వకు ఎడమ చెయ్యి వాచింది. రొమ్ము ఆపరేషన్ అయిన వైపు చెయ్యి అలా వాస్తుందని, ఆ చేతికి సూదులు వేయించవద్దని, బరువులు ఎత్తనివ్వవద్దని విజయలక్ష్మి చెప్పింది. ఆపై వారం నాగవ్వతో ఒకే కంచంలో తింటే జబ్బు అంటుతుందా అని అడిగాడు. అంటదంది. ఇంకో వారం, ఊడిన జుట్టు ఎన్ని నెలలకు వస్తుందన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆరో వారం, గొంతు ఆపరేషన్ అయ్యాక నాగవ్వకు మాట ఎప్పుడు వస్తుందన్నాడు.

విజయలక్ష్మికి అనుమానం వచ్చింది. నాగవ్వకు జబ్బు రొమ్ములోనా, గొంతులోనా అని డాక్టర్ పృథ్వీరాజ్‌ను అడిగింది. ఆయన టిఫిన్ డబ్బా మీంచి తలెత్తలేదు. కంగారు మనిషి అయ్యుంటాడని, పక్క మంచాల వాళ్ల జబ్బులన్నీ భార్యకు అంటగట్టి అడుగుతున్నాడని తేల్చేశాడు.

నాగవ్వమ్మతోనే ఓసారి మాట్లాడించమని విజయలక్ష్మి అడిగి చూసింది. ఆమె ఫోన్‌కు రాదన్నాడు. ఇన్ని ప్రశ్నలు హైదరాబాద్‌లోనే అడగొచ్చు కదా అంటే ఇలా జవాబిచ్చాడు.

“అడగాలని అప్పుడు తెల్వలే సిస్టరమ్మ. ఇప్పుడు తెల్సింది, అడుగుతున్న.”

ఓ గురువారం పొద్దున పదకొండింటికి ఫోన్ మోగింది. మళ్లీ రేవణసిద్ధప్పే.

“నాగవ్వకు జ్వరం. నూట ఒకటున్నది. కీమో ఎక్కి పది దినాలైంది. గోలీ ఏసి రేపు పొద్దుగాల చూద్దామా?”

విజయలక్ష్మి కుర్చీలోంచి లేచి నిలబడింది. కీమో తర్వాత ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి పడిపోతుందని, అప్పుడొచ్చే జ్వరం మామూలు జ్వరం కాదని చెప్పింది. “గోలీ వేసి కూర్చోకండి. రేపటిదాకా ఆగితే మనిషి దక్కదు. ఇప్పుడే తీసుకురండి.”

 ఆయన ఎప్పటిలాగే ఆ మాటను మళ్లీ చెప్పించుకున్నాడు.

“ఆగొద్దంటవ్,” అన్నాడాయన.

“ఆగొద్దు.”

ముప్పావు గంటలో ఆటో వచ్చింది. తలకు చున్నీ చుట్టుకుని, వణుకుతూ దిగిన మనిషికి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ఆశ్చర్యపోవడానికి టైం లేదు. రక్తం తీశారు, సెలైన్ పెట్టారు, యాంటీబయాటిక్ ఎక్కించారు. కేసు షీటు మీద విజయలక్ష్మి ‘నాగవ్వ’ అని రాయబోతుంటే, నా పేరు కృప అని ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది.

మూడింటికి బీపీ నిలబడింది. రేపటిదాకా ఆగి ఉంటే చేయడానికి ఏమీ మిగిలేది కాదని చెప్పి పృథ్వీరాజ్ చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

రేవణసిద్ధప్ప వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. విజయలక్ష్మి వెళ్లి ఎదురుగా నిలబడింది. కృప ఎవరని అడిగింది. తమ వాడకట్టులో నాలుగిళ్ల అవతలి ఇంటి కోడలని, హైదరాబాద్‌లో కీమో ఎక్కిస్తున్నా, జబ్బు సంగతి నలుగురికీ తెలియకూడదని ఇంట్లో వాళ్లు దాచారని ఆయన చెప్పాడు.

“మరి ఆ చెయ్యి వాపు?”

“రాయికోడ్ టీచరమ్మది.”

“గొంతు?”

“కోహీర్ ఈరయ్యది. ఆయనకు మాట రాదు గద, ఫోనెట్ల చేస్తడు?”

నాగవ్వను దవాఖానల చుట్టూ తిప్పిన మనిషి కదా అని వాళ్లంతా తన దగ్గరికి వస్తారట. పేరు చెప్పి అడగాలంటే ఒకరికి సిగ్గు, ఒకరికి భయం. నాగవ్వ పేరైతే ఎవరికీ ఫికర్ లేదన్నాడు.

విజయలక్ష్మికి కోపం రాబోయి నవ్వొచ్చింది. ఇన్ని ఊళ్ల వాళ్ల జబ్బులన్నీ మీద వేసుకుని ఊరుకుందంటే మీ ఆవిడ చాలా మంచిదంది. “ఈసారి నాగవ్వమ్మను కూడా తీసుకురండి. ఆమె ఎలా ఉందో నేను చూస్తాను.”

ఆయన గదిలోకి చూశాడు. సెలైన్ చుక్కచుక్కగా దిగుతోంది.

“ఆమెకు జ్వరమొచ్చిననాడు, గోలీ ఏసి పొద్దుగాల చూద్దామనుకున్న,” అన్నాడు. “ఆమె పోయి మూడేండ్లయింది.”