సూదికి ముందు

"కావాలని తప్పు చోట సూది గుచ్చిన రోగులకీ మోకాళ్ల నొప్పులు తగ్గితే ఇంక నేనేం రుజువు చెయ్యను నాన్నా?" పరిశోధకురాలు కాగితాలు బల్లమీద విసిరికొట్టింది.

సూదివైద్యుడైన తండ్రి ముఖం ముడుచుకున్నాడు. "నువ్వు సిరాచుక్క పెట్టినచోటే గుచ్చానే! వెంట్రుకవాసి కూడా జరగలేదు."

"సగంమందికి ఆ చుక్కలు అసలు చోటుకి దూరంగా పెట్టాను. అక్కడ గుచ్చితే పనిచెయ్యకూడదు!"

ఆమె తన కాలిమీదా ఒక చుక్క పెట్టుకుని, కాలు చాపింది. "ఏదీ, నాకు గుచ్చి చూపించు."

ఆయన వంగాడు. మోకాలి కింద అసలు చోటు వెతికి, ఎడమ బొటనవేలితో గట్టిగా నొక్కిపట్టాడు. ఆ తర్వాతే, నాలుగు వేళ్ల అవతలున్న చుక్కమీద కుడిచేత్తో సూది గుచ్చాడు.

"ఆ నొక్కడమేంటి?"

"ఏ నొక్కడం?"

"అందరికీ ఇలాగే నొక్కావా?"

ఆయన తన బొటనవేలిని కొత్తగా చూసుకున్నాడు. "నలభై ఏళ్ల అలవాటమ్మా. చెయ్యి దానంతటదే పోతుంది."

"ఆరు నెలల కష్టం మట్టికొట్టుకుపోయింది! ఇంతకీ వాళ్లకి తగ్గింది ఆ చోటు నొక్కినందుకా, నీ చెయ్యి తగిలినందుకా?"

ఆయన ఇంకా నొక్కిపట్టి ఉన్న చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు.

"తియ్యకు," అంది ఆమె, ఇంకా కోపంగానే. "పొద్దుట్నించీ సలుపుతున్న మోకాలు ఇప్పుడే కాస్త సర్దుకుంటోంది."