నాన్న నడుం

"నువ్వొద్దు! నాన్నే తిప్పాలి!" అంటూ మంచం మీద బిగుసుకుపోయింది బుల్లి.

తల్లి చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఒక చెయ్యి భుజం మీద, ఒక చెయ్యి తుంటి మీద వేసి, పిల్లను ఒక్కసారిగా పక్కకు తిప్పాలి. మధ్యలో నడుం మెలిపడకూడదు. ఆస్పత్రిలో నర్సు మరీ మరీ చూపించి, ముందే అలవాటు చేసుకోమని పంపింది. వచ్చేవారమే బుల్లికి వంకర వెన్ను ఆపరేషన్. ఇంటికొచ్చాక కొన్నాళ్ల పాటు పడుకోబెట్టినా, లేపినా ఈ పద్ధతే.

"నాన్న పొద్దున్నే లారీ ఎక్కితే మళ్లీ చీకటి పడ్డాకే కదటే వచ్చేది! అందాకా నిన్నెవరు తిప్పుతారు, పక్కింటివాళ్లా?"

"నువ్వు ముట్టుకుంటే నాకు భయమేస్తోంది."

ఆ మాట తల్లికి చురుక్కున తగిలింది. కాదనడానికీ లేదు. బేకరీలో కేకుల మీద క్రీముతో పేర్లు రాసే చేతులవి. ఎంత చాంతాడంత పేరైనా ఒక్క అక్షరం చెదరదు. అదే కూతురి వీపు మీద పెట్టేసరికి గజగజ వణుకుతున్నాయి. ఎక్స్‌రేలో చూసిన ఆ వంపు కళ్ల ముందు కదులుతుంది, తన చేతుల్లో ఏదో పుటుక్కుమంటుందనిపిస్తుంది.

"పోనీలే, రేపు చూద్దాం," అన్నాడు తండ్రి.

"రోజూ రేపే! ఆపరేషన్ కూడా రేపు చూద్దామంటారా?" అని ఆయన మీద విరుచుకుపడి, వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున గుమ్మంలో వంగి చెప్పు తొడుక్కోబోయిన తండ్రి "అమ్మో!" అని కేకపెట్టాడు. వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయాడు. ఇళ్లు మారేవాళ్ల సామాన్లు మోయడం ఆయన పని. బీరువాను వీపునేసుకుని మెట్లెక్కే మనిషి.

"బీరువాలకు లొంగని నడుం చెప్పుకు లొంగిందా?" అంది తల్లి, నమ్మలేక.

"దానికేం తెలుసే ఏది బరువో! ముందు నన్ను మంచం చేర్చు తల్లీ, నీకు పుణ్యముంటుంది."

పడుకోబెట్టడమైతే పడుకోబెట్టింది గానీ, పక్కకు తిప్పబోతే ఆయన ఇల్లెగిరిపోయేలా అరిచాడు. దిండు పట్టుకుని బుల్లి పరిగెత్తుకొచ్చింది.

"అలా లాగకూడదమ్మా! ముందు మోకాళ్లు మడవాలి. మధ్యలో దిండు పెట్టాలి. భుజం, తుంటి కలిపి తిప్పాలి. నర్సక్క చెప్పలా?"

ఆస్పత్రిలో చెవులు మూసుకుని కూర్చున్న పిల్లకు ఇదంతా ఎప్పుడు ఒంటబట్టిందో తల్లికి అర్థం కాలేదు. చెప్పినట్టే చేసింది. భుజం వచ్చింది, తుంటి వెనకబడింది, ఆయన "చంపావే!" అన్నాడు. ఆమె చేతులు మళ్లీ వణికాయి.

"పర్లేదు. మళ్లీ చెయ్యి," అంది బుల్లి, టీచరమ్మలా నడుం మీద చెయ్యేసుకుని.

అంత గొడవ రోగిని ఆమె జన్మలో చూడలేదు. ఇటు తిప్పితే ఎండ పడుతోందంటాడు, అటు తిప్పితే టీవీ కనపడటం లేదంటాడు. ఆమె అన్నం ముందు కూర్చుంటే చాలు, ఆయనకు లేచి కూర్చోవాలనిపిస్తుంది. "పిల్ల ఆపరేషన్ పెట్టుకుని ఈయనొకడు నా ప్రాణానికి!" అని సణుక్కుంటూనే తిప్పింది, లేపింది, నడిపించింది. బుల్లి వెనకే నిలబడి తప్పులు పట్టింది.

వారం తిరిగేసరికి, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, "పేరు మీరు తప్పు చెప్తే నేను తప్పే రాస్తాను సార్!" అని బేకరీ ఓనరును దులిపేస్తూ, ఆ పర్వతంలాంటి మనిషిని పత్తిమూటలా ఇటు నుంచి అటు తిప్పేసింది. తిప్పినట్టు ఆమెకే తెలియలేదు.

ఆస్పత్రికి వెళ్లాల్సిన రోజుకు ముందురోజు సాయంత్రం, ఆమె ముందువైపు గుండీలున్న చొక్కాలు మడతపెట్టి సంచిలో సర్దుతుంటే, బుల్లి వచ్చి తన మంచం మీద వెల్లకిలా పడుకుంది.

"అమ్మా, నన్నోసారి తిప్పవా?"

తల్లి చొక్కా పక్కన పడేసింది. మోకాళ్లు మడిచి, దిండు పెట్టి, భుజం మీదా తుంటి మీదా చేతులేసింది. పిల్ల అమాంతం ఒక్కటిగా పక్కకు తిరిగింది.

"ఇంకోసారి."

ఇంకోసారి తిప్పింది.

"నొప్పి పుడుతుందా అమ్మా?"

"పుడుతుంది నాన్నా. మందులేస్తారు. తగ్గేదాకా నేను నీ పక్కనే ఉంటా."

"నువ్వే తిప్పుతావుగా?"

"నేనే."

"అయితే సరే," అని బుల్లి లేచి నాన్న గదిలోకి వెళ్లిపోయింది.

తల్లికి కడుపు నిండినట్టయింది. ఇన్నాళ్లకు పిల్ల తన చేతికి వచ్చింది. అంతలోనే దిగులు కూడా ముంచుకొచ్చింది. రేపు సంచులెవరు మోస్తారు? నడుం పట్టేసిన ఈ మనిషిని కారెక్కించేదెవరు? ఆయన మీద జాలేసింది కూడా, పాపం వారం నుంచీ తను తిట్టని తిట్టు లేదు. నీళ్లు కాచి వేడినీళ్ల బ్యాగులో పోసుకుని, ఆయన గది దగ్గరకు వెళ్లింది.

తలుపు ఓరగా వేసి ఉంది. లోపలి నుంచి బుల్లి గుసగుస వినిపించింది.

"అమ్మ చేతులిక వణకట్లేదు నాన్నా. నీ నడుం నొప్పి తగ్గిపోయిందని చెప్పెయ్."