పెద్దాయన సరే అనాలి

పెద్దాయన కంప్యూటర్ తెర మీదికి ఒంగి చూశాడు, గొంతు సవరించుకున్నాడు, చివరికి “ఇంటికెళ్లి చూసి చెప్తానమ్మా” అన్నాడు. కొత్తమ్మాయికి ఒళ్లు మండిపోయింది. ప్రతి సోమవారం ఇదే వరస. ఆయన ఆఫీసుకొచ్చేదే వారానికి ఒక్కరోజు, ఆ ఒక్కరోజూ నోరు విప్పడు. మర్నాడు ఇంటి నుంచి మాత్రం పేజీలకు పేజీలు మెయిల్ చేస్తాడు.

ఆయన్ని కాదని ఆ ఆఫీసులో చీమైనా కదలదు. నగరంలో ఏ బస్సు ఏ వేళకి ఎక్కడ ఉండాలో చెప్పే ప్రోగ్రాం ఆయన చలవేనని ఊరంతా చెప్పుకుంటుంది. ఇరవై ఏళ్ల కిందటి ఫ్రేమ్‌వర్క్ అనే పునాది మీద కట్టినది, ఇప్పటికీ దాని మీదే నడుస్తోంది. అది మార్చాలంటే బస్సులు ఆపాలి. మార్చకుండానే ప్రోగ్రామింగ్ భాషలో కొత్తగా వచ్చిన సౌకర్యాలు వాడుకోవచ్చని కొత్తమ్మాయి పంతం. పేచీ ఒక్కటే. అవి వాడితే, రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ కొన్ని పేర్ల కోసం ఫ్రేమ్‌వర్క్‌లో వెతుకుతుంది, పాతదానిలో ఆ పేర్లు ఉండవు. అందుకని అవే పేర్లతో, లోపల ఏమీ లేని క్లాసులు, అంటే ఖాళీ డబ్బాల్లాంటి కోడు ముక్కలు, తనే రాసి పెట్టింది. పేరు కనబడితే చాలు, కంపైలర్ లోపలికి తొంగిచూడదు.

మేనేజర్ మెచ్చుకుంటూనే మెలిక పెట్టాడు. శుక్రవారం సాయంత్రంలోగా పెద్దాయన సరే అనాలి, లేదంటే ఆమె ఆ వారంతో ఇంటికే. ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగితే దొరికిన ఉద్యోగమో ఆమెకే తెలుసు.

మంగళవారం మెయిల్ వచ్చింది. నెల కిందట “ఈ కొత్త గుర్తులు నాకు తెలీవు, కాస్త విడమర్చి చెప్పమ్మా” అని మెయిల్లో అడిగిన మనిషి, ఇప్పుడు సరిగ్గా ఆయువుపట్టు మీదే దెబ్బ కొట్టాడు. ఇలాంటి ఖాళీ క్లాసే, ఇదే పేరుతో, వేరే విభాగం వాళ్లూ రాసుకుంటే రెండూ కొట్టుకోవా అని ప్రశ్న. మాట మాత్రం వెన్న. ఎదురుపడితే మొహం తిప్పుకునే మనిషి ఇంత ఆప్యాయంగా ఎలా రాస్తాడో ఆమెకు అంతుబట్టలేదు.

రెండు రోజులు కిందామీదా పడి దారి కనిపెట్టింది. ఆ క్లాసు బయటి విభాగాలకు కనబడకుండా దాచేస్తే గొడవే లేదు. జవాబు పంపుదామంటే పెద్దాయన ఇంట్లో బుధవారం నుంచీ ఇంటర్నెట్ లేదట. చేసేదిలేక శుక్రవారం మధ్యాహ్నం ల్యాప్‌టాప్ పట్టుకుని ఆయన ఇంటికే బయల్దేరింది.

ఆయన భార్య తలుపు తీసింది, మంచినీళ్లిచ్చి వంటింట్లోకి వెళ్లింది. హాల్లో కూర్చున్న పెద్దాయన కొత్తమ్మాయిని చూసి కంగారుపడ్డాడు.

“మీరడిగిన ఖాళీ క్లాసుల గొడవ తేలిపోయిందండీ. ఒక్కసారి చూసి సరే అనండి.”

“ఖాళీ క్లాసులా? అంటే?”

ఆమెకు బుర్ర తిరిగిపోయింది. “మంగళవారం మీరే కదండీ రాశారు!”

“రాశానా? రాసే ఉంటాను.”

ఆటపట్టిస్తున్నాడా, పరీక్ష పెడుతున్నాడా, సాగనంపాలని ముందే అనుకున్నాడా? ఏదీ తేల్చుకోలేక, పోనీ ఆ పాత ప్రోగ్రాం ఎక్కడ మొదలవుతుందో చూపించమని, మిగతాది తనే చెప్తానని బతిమాలింది. పెద్దాయన తెర మీద వేలు పైకీ కిందికీ ఆడించాడు, ఎక్కడా ఆపలేకపోయాడు. తన ప్రోగ్రాం తనకే తెలియని మనిషిని ఆమె ఎక్కడా చూడలేదు. ఇక ఏడుపు ఆగలేదు.

“ఐదింటికల్లా సరే రాకపోతే నా ఉద్యోగం పోతుందండీ. నా మీద కోపముంటే ఆ మాటే చెప్పెయ్యండి.”

“కోపం కాదమ్మా,” అని పెద్దాయన తల దించుకున్నాడు. తర్వాత వంటింటి వైపు చూశాడు.

ఆయన భార్య తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. కళ్లజోడు పెట్టుకుని ల్యాప్‌టాప్ కోసం చెయ్యి చాపింది.

“ఇలా ఇవ్వమ్మా, ఆ ప్రోగ్రాం రాసింది నేను.”